చింతచెట్ల కింద పది చక్రాల లారీ

నేను తయారుచేసిన సైలెన్సర్ బిగించిన పది చక్రాల లారీ, నిండా ధాన్యం బస్తాలతో, టెక్కలి దగ్గర పక్షుల ఊళ్లో చింతచెట్ల కింద నుంచి వెళ్లినప్పుడు ఒక్క కొంగ కూడా లేవలేదు. లేవడం అటుంచి, మెడ తిప్పి కూడా చూడలేదు. నడుపుతున్నవాడికే ఇంజన్ ఆగిపోయిందని అనుమానం వచ్చి, నడుస్తున్న బండిలో మళ్లీ తాళం తిప్పాడు. పొగ గొట్టం దగ్గర చెవి పెడితే నిద్రపోతున్న పసిపిల్ల ఊపిరి విన్నట్టుండేది. ఇదంతా నేను కాగితం మీద లెక్క కట్టి, గీతలు గీసి, ఒక్క దెబ్బకు చేసిన పని.

ఈ మాటలు పలాసలో టీకొట్ల దగ్గర ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. చెప్పిన ప్రతిసారీ కాస్త పెరిగేవి. ఒకసారైతే లారీ టాపు మీద కొంగ వచ్చి వాలి ఊరు దాటేదాకా కూర్చుంది కూడా. ఇప్పుడు కాగితం మీద పెడదామని కూర్చున్నాను. టీ గ్లాసు ముందు కోసినంత సులువుగా కాగితం ముందు కోతలు కోయలేమని ఇప్పుడే తెలుస్తోంది. కాబట్టి పైన చెప్పినదాంట్లో ఏది ఎంత సాగదీశానో దారిలో ఒప్పుకుంటూ వస్తాను.

నాది పలాసలో హైవే పక్కన రేకుల షెడ్డు. లారీలకు పొగ గొట్టాలు అతుకుతాను, సైలెన్సర్లు కడతాను. మా పనిలో కొలబద్ద కంటే చెవి ముఖ్యం. బండి స్టార్టు చేయించి, పక్కన నిలబడి కళ్లు మూసుకుంటాను. కళ్లు తెరిచి ఉంటే చెవి బద్ధకిస్తుంది. ఎక్కడ అతుకు వదిలింది, ఎక్కడ రేకు పలచబడింది, ఏ వంపు దగ్గర పొగ తడబడుతోంది, అన్నీ చీకట్లోనే కనిపిస్తాయి. ఇది మాత్రం కోత కాదు.

పక్షుల ఊళ్లో మా బావమరిది ఉన్నాడు, మా ఆవిడకు తమ్ముడు. పాత లారీ ఒకటి సొంతంగా నడుపుకుంటాడు. ఆ ఊరికి వేరే పేరుంది గానీ మా ఇంట్లో ఎప్పుడూ పక్షుల ఊరనే అంటాం. వానలు వెనకబట్టే వేళకు ఎక్కడెక్కడి నుంచో కొంగలు, గొంతు కింద సంచి వేలాడే గూడబాతులు వచ్చి, ఇళ్ల మధ్య ఉన్న చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరే ముందు తీసుకుపోతాయి. పురిటికి వచ్చిన ఆడపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంటారు వాటిని. ఆ నెలల్లో దీపావళి వచ్చినా టపాకాయ పేలదు. పెళ్లయినా మైకు కట్టరు. చివరికి మనిషిని మనిషి కేకేసి పిలవరు. వీధి ఆ చివర ఉన్నవాడితో పనిపడితే ఈ చివర నుంచి నడిచి వెళ్లి, భుజం తట్టి చెబుతారు. మొదటిసారి వెళ్లినప్పుడు ఊరంతా ఎవరి మీదో అలిగిందేమో అనుకున్నాను.

అలాంటి ఊరికి మా బావమరిది లారీ మోత తెచ్చాడు. దాని పాత సైలెన్సర్ తుప్పు పట్టి రాలిపోతుంటే, ఒడిశా వైపు ఏదో కిరాయికి వెళ్లినప్పుడు దారిలో ఒక మెకానిక్ దాన్ని కోసేసి, తిన్నగా ఒక గొట్టం వేసి పంపాడు. అడ్డం తీసేసరికి బండి గుర్రంలా లాగింది. వీడు మురిసిపోయి, ఆ మురిపెంతోనే పొద్దున్నే ఊళ్లోకి తోలాడు. చెట్లన్నీ ఒక్కసారి లేచాయి. పెద్ద పక్షులు అలా లేస్తే గూళ్లు ఊగిపోతాయి. మూడు పిల్లలు కిందపడ్డాయి.

పడిన పిల్లల్ని గంపలో పెట్టి సాకేది వీడి భార్యే. భావనపాడు నుంచి వచ్చే చిన్న చేపలు కొని, తోక పట్టుకుని ఒక్కొక్కటీ నోట్లో పెడుతుంది. ఆ మూడింట్లో రెండు ఆ పూటే చచ్చిపోయాయి. ఆవిడ తిన్నగా ఊరి పెద్దల దగ్గరికి వెళ్లి, ఆ బండి గొంతు తగ్గేదాకా ఊళ్లోకి రానివ్వొద్దని చెప్పింది.

మధ్యాహ్నానికి వీడు నా షెడ్డు దగ్గర దిగాడు.

"బావా, నన్ను ఊళ్లోంచి ఎలేసారు."

"ఎవుడ్రా నిన్ను ఎలేసినోడు?"

"మీ సెల్లెలే."

నవ్వు ఆపుకోలేకపోయాను. వాడికి మాత్రం నవ్వు రాలేదు.

"నువ్వు నవ్వుతావేటి బావా. నడిసొత్తే అన్నం ఎడతాదట, బండితో వొత్తే గుమ్మం ఎక్కనివ్వదట. ఇంకో పది రోజుల్లో కోతలు. ఊరి ధాన్యం ఏటేటా మోసేది నాను. ఈయేడు నా బండి ఊరి బయట, ధాన్యం ఊళ్లోన. మజ్జిలోన నాను."

"అదెంత పన్రా. గొట్టానికి బిరడా కొట్టేత్తే సరి."

"నోరు మూసేత్తే బండి లాగదు కదా బావా! నిండు లోడుతో గట్టెక్కాల. సప్పుడు ఉండకూడదు, లాగుడు తగ్గకూడదు. రెండూ కావాల."

రెండూ కావాలట. ఇన్నేళ్లలో ఎవరూ నన్ను అలా అడగలేదు. శబ్దం, పొగ రెండూ ఒకే నోటి నుంచి వస్తాయి. శబ్దాన్ని ఆపుదామని అడ్డం పెడితే పొగ వెనక్కి తన్ని ఇంజన్ ఊపిరి బిగబట్టుకుంటుంది. పొగను హాయిగా వదిలేస్తే దాని వెనకే శబ్దం కూడా హాయిగా బయటికొస్తుంది. పొగ దారిన పొగను పోనిచ్చి శబ్దాన్ని మాత్రం లోపల కూర్చోబెట్టాలి. "ఓస్, అదెంత" అన్నాను. ఎలాగో నాకు తెలియదు.

మొదట అందరూ చేసేదే చేశాను. డబ్బాలో మూడు అడ్డు పలకలు పెట్టి, పలకలకు చిన్న చిన్న కన్నాలు పొడిచాను. పొగ వెనక్కి ఎంత తంతోందో చూడటానికి, మేస్త్రీలు గోడ మట్టం చూసే నీళ్ల గొట్టం తెచ్చాను. ఇంజన్ దగ్గర పొగ గొట్టానికి కన్నం పెట్టి, పాత ఫ్రిజ్జులోంచి పీకిన రాగి గొట్టం అక్కడ తగిలించి, దాని చివర ఈ నీళ్ల గొట్టం వంచి కేబిన్ పక్కన చెక్కకు కట్టాను. పొగ ఎంత తంతే నీళ్లు అంత పైకి ఎక్కుతాయి. నా బొడ్డు దాటి ఎక్కకూడదని నాకు నేనే ఒక గీత పెట్టుకున్నాను. లోడుతో హైవే వంతెన ఎక్కుతుంటే నీళ్లు బొడ్డు దాటాయి, చెక్క దాటాయి, గొట్టం నోట్లోంచి ఎగిరి మా బావమరిది మొహాన పడ్డాయి. బండి వంతెన మధ్యలో నల్లగా దగ్గి నిలబడిపోయింది.

"బావా, బండి నా మొకం మీద ఉమ్మేసింది."

ఆ పలకలు పీకేశాను. రెండోసారి వేరే దారి తోచింది. లోపలి గొట్టాన్ని తిన్నగా, మొదటి నుంచి చివరి దాకా అంతే వెడల్పుతో ఉంచాలి. ఎక్కడా అడ్డం ఉండకూడదు. కానీ దాని ఒళ్లంతా జల్లెడలా కన్నాలు పెట్టాలి. దాని చుట్టూ పెద్ద డబ్బా తొడిగి, మధ్యలో మెత్తటిదేదైనా కూరాలి. పొగ తిన్నగా వెళ్లిపోతుంది, శబ్దం మాత్రం కన్నాల్లోంచి పక్కకు దూరి ఆ మెత్తటి దాంట్లో చిక్కుకుంటుంది. ఇంతవరకు బాగుంది కదా? ఇక మెత్తటిది ఏమిటి?

కొబ్బరి తోటల ఉద్దానంలో పుట్టినవాణ్ణి ఈ ప్రశ్న అడగకూడదు. పరుపులో ఏం కూరతాం? కొబ్బరి పీచు. తాడు దేంతో పేనతాం? కొబ్బరి పీచు. గిన్నెలు తోమడానికి, పెట్టెలో సీసాలు పగలకుండా పెట్టడానికి, ఇంటి కప్పు కారితే సందులో దోపడానికి, అన్నిటికీ అదే. చెయ్యి దానంతటదే పీచు మీదికి వెళ్లింది. నేను కూరుతుంటే మా బావమరిది గంపలతో అందించాడు. ఇద్దరిలో ఒక్కడికీ ఏమీ తోచలేదు.

స్టార్టు చేసి కళ్లు మూసుకున్నాను. అబ్బ! ఆ మెత్తదనం ఇప్పటికీ నా చెవిలో ఉంది. పట్టుబట్ట మీద చెయ్యి వేసి లాగినట్టు. సోంపేట వైపు తోలాం. కాసేపటికి తీయటి వాసన వేసింది. ఎవరో దగ్గర్లో కొబ్బరి డొక్కలు కాలుస్తున్నారనుకున్నాం. మరికాసేపటికి వెనకొస్తున్న ఆటోవాడు పక్కకొచ్చి, "తాతా, నీ బండి కింద పొయ్యి ఎట్టేవేటి?" అని అడిగి వెళ్లిపోయాడు. దిగి చూస్తే డబ్బా ఎర్రగా కాలుతోంది. తాగే నీళ్లు, రేడియేటర్ కోసం పెట్టుకున్న నీళ్లు, ఒక కొబ్బరి తోటవాళ్లు ఇచ్చిన రెండు బిందెలు, అన్నీ పోశాక చల్లారింది.

"పీచు కాల్తాదని తెల్దా బావా?"

"నీకు తెలిత్తే కూరేటప్పుడు సెప్పాల కదరా!"

"నాకూ తోచనేదు."

మర్నాడు పక్షుల ఊరికి వెళ్లాను. మోటారు సైకిలు ఊరి బయట వదిలేసి నడిచే వెళ్లాను. ఓటమి ఒప్పుకోవడానికి వెళ్లానని ఇప్పుడు చెబుతున్నాను. అప్పట్లో మాత్రం "స్థలం పరిశీలనకు" అని చెప్పుకున్నాను. చెట్టు కింద నిలబడి పైకి చూశాను. ఇన్నేళ్లుగా వస్తూపోతూ ఉన్నా నేను ఎప్పుడూ సరిగ్గా తలెత్తలేదు. కొమ్మ కనబడకుండా గూళ్లు. ఒక్కో గూటిలో తెల్లటి పిల్లలు, ఇంకా రంగు రానివి. చేపల కంపు. ఒక పెద్ద కొంగ నోట్లో ఏదో పట్టుకుని దిగితే, దాని రెక్కల నీడ వీధికి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పాకింది. అంత పెద్ద ఒళ్లు, అంత పలచటి కొమ్మ మీద, చప్పుడు లేకుండా వాలింది. దానికి ఎవరు నేర్పారో ఆ పని!

పెరట్లో బావమరిది భార్య గిన్నెలు తోముతోంది. పక్కన గంపలో పిల్ల, మూడింట్లో మిగిలిన ఒక్కటీ. దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. పట్టెడు ఈకలు, వాటి కింద గుండె. నేను లెక్కబెట్టగల ఏ ఇంజన్ అంత వేగంగా కొట్టుకోదు. అది నా వేలిని చేప అనుకుని నోరు తెరిచింది. నేను పీచు కథ చెప్పాను. ఆవిడ నవ్వలేదు, ఆ ఊరి గుసగుస గొంతుతో అంది.

"అన్నయ్యా, కొబ్బరి పీచు కాలిపోతే ఇనప పీచు ఎట్టు. ఇది కాల్తాదేటి?" అని చేతిలో ఉన్న గిన్నెలు తోమే తీగముద్ద చూపించింది.

టీకొట్లో ఈ భాగం నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆ తీగముద్ద నాకే కలలో కనపడిందని చెప్పేవాణ్ణి.

మూడోసారి, కన్నాల గొట్టం చుట్టూ ముందు ఇనుప పీచు చుట్టాను. దాని మీద, జీడిపప్పు ఫ్యాక్టరీల్లో బాయిలర్ గొట్టాలకు చుట్టే గాజుదూది దళసరిగా కప్పాను. ఆపైన డబ్బా. లోడుతో వంతెన ఎక్కితే నీళ్ల గొట్టంలో నీళ్లు జానెడు లేచి, అక్కడే ఆగాయి. బండి హాయిగా ఊపిరి తీస్తోంది. చప్పుడు తొంభై పాళ్లు పోయింది. కానీ ఒక వేగం దగ్గర, ఊళ్లో వెళ్లే ఆ నెమ్మది వేగం దగ్గరే, "హూఁ" అని ఒక మూలుగు మిగిలింది. చెవికి పెద్దగా వినపడదు, రొమ్ములో తగులుతుంది. మనిషి రొమ్ములోనే తగిలితే గూటిలో పిల్లకు ఎలా ఉంటుంది?

ఇప్పుడు అసలు ఒప్పుకోలు. ఆ మూలుగును నేను లెక్క కట్టి చంపలేదు. వెనక రెండు పక్కలకూ రెండు పొగ గొట్టాలుంటే దర్జాగా ఉంటుందని మా బావమరిది సరదా పడ్డాడు. డబ్బా దాటాక దారిని రెండుగా చీల్చాను. తీరా చూస్తే ఎడమ గొట్టం చివర తిన్నగా స్టెప్నీ టైరు మీదికి చూస్తోంది, పొగ తగిలి టైరు కాలిపోతుంది. గొట్టం మొత్తం కోసి తీసెయ్యాలి. ఎండ మండిపోతోంది, అన్నం వేళయింది. తర్వాత చూద్దాంలే అని దాని నోటికి ఒక రేకు అతికేసి ఊరుకున్నాను. అయిదడుగుల గొట్టం, ఎక్కడికీ పోని గొట్టం, అలా వేలాడుతూ ఉండిపోయింది.

అన్నం తిని వచ్చి స్టార్టు చేయించి కళ్లు మూసుకున్నాను.

"ఇంజన్ ఎందుకాపేవురా?" అన్నాను.

"ఆపనేదు బావా."

తాళం రెండోసారి తిప్పిన కథ ఇక్కడ పుట్టింది. వాడంతట వాడు తిప్పలేదు, తిప్పమన్నది నేను. మూలుగు లేదు. చెయ్యి పెడితే పొగ వెచ్చగా, ధారాళంగా వస్తోంది. రేకు ఊడదీశాను, మూలుగు వచ్చింది. అతికాను, పోయింది. మళ్లీ ఊడదీశాను. అన్నం తిన్నాక నడుం వాల్చడం కూడా మరిచి సాయంత్రం దాకా అదే ఆట. గొట్టాన్ని రెండంగుళాలు కుదిస్తే మూలుగు ఇంకో వేగానికి జరిగింది. టెక్కలిలో కాలేజీ పిల్లలకు పాఠం చెప్పే ఒకాయన తర్వాత వివరించాడు: శబ్దం ఆ మూసిన గొట్టంలోకి వెళ్లి, గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చి, ఎదురొస్తున్న తనతోనే ఢీకొని చచ్చిపోతుందట. నేను అంతా తెలిసినట్టు తలూపాను. ఆ రాత్రి మంచం మీద కూడా అదే ఆలోచన. ఇన్నేళ్లూ నేను శబ్దాన్ని చంపడానికి ఇనుము పెట్టాను, కన్నాలు పెట్టాను, దూది పెట్టాను. దానికి కావలసింది, వెళ్లి తిరిగి రావడానికి ఒక ఖాళీ. అంతే.

కోతలు, నూర్పులు మొదలయ్యాక ఒక రోజు పొద్దున్న ఊరి పెద్దలు పరీక్ష పెట్టారు. పొలం వైపు నుంచి నిండు లోడుతో లారీ చింతచెట్ల కింద నుంచి వెళ్లాలి. ఒక్క పిల్ల కిందపడినా ఈ ఏడాదికి బండి హైవే మీదే. ఊరంతా గోడల పక్కన నిలబడింది. బావమరిది భార్య ఖాళీ గంప పట్టుకుని చెట్టు మొదట్లో నిలబడి, కొమ్మల వైపే చూస్తోంది. పిల్ల పడితే పట్టుకోవాలి కదా. స్టీరింగు ముందు కూర్చున్నది ఆవిడ మొగుడైనా ఆవిడ ఒక్కసారి కూడా అటు చూడలేదు. నేను చెట్టుకు ఎదురుగా నిలబడి, అలవాటు ప్రకారం, కళ్లు మూసుకున్నాను.

లారీ వచ్చింది. ముందు కంకర మీద టైర్లు నలిగే చప్పుడు. తర్వాత బాడీ చెక్కలు ఒకదానితో ఒకటి రాసుకునే కిర్రు. బస్తాల మీద కట్టిన తాడు టార్పాలిన్‌ను కొట్టే టపటప. ఒక లారీ ఎన్ని చిన్న చప్పుళ్లతో తయారైందో నాకు ఆ రోజే తెలిసింది. అవి ఎప్పుడూ ఉన్నాయి, ఇంజన్ మోత వాటిని విననివ్వలేదు. లారీ నాకు చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా వెళుతోంది. ఆ సమయంలో పైన గూళ్లలో ఆకలితో అరుస్తున్న పిల్లల గొంతులు ఒక్కొక్కటీ విడివిడిగా వినపడ్డాయి. బండి నన్ను దాటి మలుపు వైపు సాగింది. "అదీ!" అనుకున్నాను. అప్పుడే పెద్ద గాలి వీచినట్టు, సముద్రం ఒక్కసారి ఒడ్డుకు వచ్చినట్టు, "హుస్సు"మని శబ్దం. మలుపు దగ్గర మావాడు యాక్సిలేటర్ తొక్కాడని, అది నా సైలెన్సర్ ఊపిరేనని అనుకుని, మురిసి కళ్లు తెరిచాను.

చెట్టు మీద తెలుపు లేదు. తెలుపంతా ఆకాశంలో ఉంది.

కాబట్టి ఒక్క కొంగ కూడా లేవలేదన్నది అబద్ధం. అన్నీ లేచాయి. కానీ అవి దూరం పోలేదు. రెండు చుట్లు తిరిగి, ఎవరి గూటికి అవి, ఎవరి పిల్లల మీదికి అవి దిగాయి. ఒక్క పిల్ల కిందపడలేదు. ఊరి పెద్ద లారీ వైపు చెయ్యి ఊపి రమ్మన్నాడు. ఆవిడ ఖాళీ గంపను తీసుకెళ్లి పెరటి గోడ మీద బోర్లించింది. ఆ పూట లారీ వాళ్ల గుమ్మం ముందే ఆగింది. పక్షులు లేచినా ఊరు ఎందుకు క్షమించిందో నాకు అర్థం కాలేదు. నా పనితనం చూసి మెచ్చుకుని ఉంటారని సర్దిచెప్పుకున్నాను.

ఆనాటి నుంచి ఆ ఊళ్లో నాకు మర్యాద కూడా పెరిగింది. పక్షులున్న నెలల్లో ఎప్పుడు వెళ్లినా మా బావమరిది ఊరి బయట మలుపు దాకా ఎదురొస్తాడు. కొబ్బరి బొండాం కొట్టి ఇస్తాడు, అక్కడే గట్టు మీద కూర్చోబెట్టి కబుర్లు చెప్పి, అక్కడి నుంచే సాగనంపుతాడు. పెద్దవాణ్ణి ఎండలో అంత దూరం నడిపించకూడదని కాబోలు.

ఇక్కడికి ఆపేద్దామనుకున్నాను. నిన్న బావమరిది భార్య మా ఇంటికి వచ్చింది. ఇనుప పీచు సంగతి ఒప్పుకున్నానని చూపించుకోవడానికి ఇదంతా చదివి వినిపించాను. చివరి దాకా విని, మా ఆవిడ వైపు ఒకసారి చూసింది.

"అంతా బాగుంది గానీ అన్నయ్యా, పచ్చులు లెగిసింది బండికి కాదు."

"మరి దేనికి?"

"బండి సెట్టు దాటేసింది, మలుపు దాకా ఎల్లిపోయింది. ఒక్క పచ్చి కదల్నేదు. అప్పుడు నువ్వు కళ్లు మూసుకునే రెండు సేతులూ ఎత్తి, 'అదీ! అదీ నా పని!' అని ఒక కేక ఏసావు. టెక్కలి దాకా ఇనపడుంటాది. అప్పుడు లెగిసాయి."

"నేను మనసులో అనుకున్నాను కదమ్మా."

"మనసులో కాదు. మా ఊళ్లో అంత కేక నా పెళ్లినాడు కూడా ఇన్నేదు."

"మరి పెద్దలు రమ్మని చెయ్యి ఊపారు కదా?"

"బండిని రమ్మన్నారు. పచ్చులు ఎల్లేదాకా నిన్నే ఊళ్లోకి రానివ్వొద్దన్నారు. ఆయన మలుపు కాడికి బొండాలట్టుకొచ్చేది మరెందుకనుకున్నావు?"